115 నంబరు బస్సెక్కి అమరావతి దాకా

ముప్పయ్యొక్క ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేశాను. అంతా గుంటూరు డిపోలోనే. అందులో చాలా ఏళ్ళు గుంటూరు–అమరావతి ట్రిప్పులు నావి. లాం, మోతడక, అమరావతి అని ఎన్ని వేలసార్లు కేకేసి ఉంటానో. రిటైరయ్యాక 2025 మే నెలలో మా ఆవిడా నేనూ లండన్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళి మూడు వారాలు ఉన్నాం. ఆ మూడు వారాల్లో ఊరంతా బస్సుల్లోనే తిరిగాం. పిల్లల దగ్గరికి వెళ్ళిన మా వయసు వాళ్ళు చాలామంది వారమంతా నాలుగు గోడల మధ్య కూర్చుని ఆదివారం కోసం ఎదురుచూస్తుంటారు. అలా కూర్చోనక్కర్లేదని వాళ్ళకు చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

అబ్బాయి వాళ్ళుండేది ఈస్ట్‌హామ్‌లో. లండన్‌కు తూర్పు పక్క. మనవాళ్ళు బాగా ఉన్న పేట కాబట్టి దిగిన రోజు నుంచీ పరాయి ఊరనిపించలేదు. హై స్ట్రీట్‌లో కరివేపాకు, గోంగూర దొరుకుతాయి. మహాలక్ష్మి గుడి ఉంది, కాస్త దూరంలో మురుగన్ గుడి ఉంది. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళిపోతారు. మొదటి రెండు రోజులు ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని రోడ్డు మీద వెళ్ళే ఎర్ర బస్సులు లెక్కపెట్టాను. మూడో రోజు రాత్రి భోజనాల దగ్గర కోడలే అంది: "మామయ్యగారూ, ట్యూబ్ రైలు మీకొద్దు. అత్తయ్యగారికి అన్నేసి మెట్లు పడవు, పైగా భూమి లోపల ఏం కనిపిస్తుంది? ఇక్కడే 115 నంబరు డబుల్ డెక్కరు ఎక్కండి, పైన ముందు సీట్లో కూర్చోండి."

ఆ రాత్రి అబ్బాయి ఒక కాగితం మీద అన్నీ రాసిచ్చాడు. అందులో మొదటి మాట, బస్సులో డబ్బులు తీసుకోరని. లండన్ బస్సుల్లో 2014 జూలై నుంచే నోట్లూ చిల్లరా బంద్. ఆయిస్టర్ అని వాళ్ళ కార్డు ఒకటుంది. అది లేకపోయినా అలల గుర్తున్న మామూలు బ్యాంకు కార్డు చాలు. మన కార్డు అయితే బయల్దేరే ముందే విదేశాల్లో వాడకానికి, తాకించి కట్టడానికి రెండింటికీ అనుమతి ఆన్ చేసుకోవాలి. నా కార్డుకు చేసుకున్నాను గానీ మా ఆవిడ కార్డు సంగతి మర్చిపోయాను. దాంతో మొదటి రోజు ఏమైందంటే, నేను నా కార్డు మిషను మీది పసుపు గుండ్రానికి తాకించి, తనకోసం అదే కార్డు మళ్ళీ తాకించాను. ఎర్ర లైటు వెలిగింది. ఒక కార్డుకు ఒక్క మనిషే. మా వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు, మా ఆవిడ దిగిపోవడానికి వెనక్కి తిరిగింది. డ్రైవరు అద్దం అవతల నుంచి చేయి ఊపి లోపలికి వెళ్ళమన్నాడు, రేపటి నుంచి రెండో కార్డు తెచ్చుకోమని నెమ్మదిగా చెప్పాడు. ఆ సాయంత్రం అబ్బాయి తన రెండో కార్డు వాళ్ళమ్మకు ఇచ్చేశాడు. ఇద్దరు వెళ్తుంటే రెండు కార్డులు ఉండాలి, ఎవరి కార్డు వాళ్ళు రోజంతా అదే వాడాలి. ఇది గుర్తుంచుకుంటే సగం పని అయిపోయినట్టే.

టికెట్టు లెక్క మాత్రం నన్ను రెండు రోజులు ఆలోచనలో పడేసింది. మేం వెళ్ళినప్పుడు 1.75 పౌండ్లు. మన డబ్బుల్లో దాదాపు 200 రూపాయలు. రెండు స్టాపులు వెళ్ళినా అంతే, ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళినా అంతే. స్టేజీ అన్న మాటే లేదు. ఎక్కేటప్పుడు కార్డు తాకించాలి, దిగేటప్పుడు అక్కర్లేదు. మొదట తాకించిన దగ్గర్నుంచి గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్ళీ డబ్బు పడదు. మారిన ప్రతి బస్సులో కార్డు తాకించాలి, అంతే. అప్పటి లెక్కలో ఒక రోజులో 5.25 పౌండ్లు దాటితే ఆపైన ఎంత తిరిగినా తీసుకోరు, అంటే మూడు టికెట్ల డబ్బుతో రోజంతా. మారే బస్సుకు మళ్ళీ టికెట్టు తీసుకోవాలని తెలిసి చేతిలో చిల్లర లెక్కపెట్టుకునే పల్లెటూరి ముసలమ్మలను ఎంతమందిని చూశానో నాకు తెలుసు. ఈ గంట పద్ధతి ఎవరు ఆలోచించారో గానీ, బస్సు మారేవాడి కష్టం తెలిసిన మనిషే అయ్యుంటాడు.

స్టాపులకు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఒకే పేరున్న స్టాపు రోడ్డుకు ఇటూ అటూ, మలుపులోనూ మూడు నాలుగు ఉంటాయి కాబట్టి పేరొక్కటే చూస్తే సరిపోదు, అక్షరం కూడా చూసుకోవాలి. మనలాగే ఎడమ పక్క నడుస్తాయి కాబట్టి ఏ వైపు నిలబడాలన్న తికమక లేదు. బస్సు వస్తుంటే చేయి చాపాలి. ముందు తలుపులో ఎక్కి, మధ్య తలుపులో దిగాలి. దిగే ముందు ఎర్ర బటన్ నొక్కితే గంట మోగుతుంది.

115లో పైన ముందు సీటు దొరికిన ఆ మొదటి ప్రయాణం జీవితంలో మర్చిపోను. బార్కింగ్ రోడ్డు, ప్లెయిస్టో, కేనింగ్ టౌను దాటి పెద్ద రోడ్డెక్కాక ఒక బోర్డు కనిపించింది. ఈస్ట్ ఇండియా డాక్ రోడ్డు. చదివి మా ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. 1611లో మన మచిలీపట్నంలో కొట్టు పెట్టిన కంపెనీ అదే. ఆ కంపెనీ సరుకు ఓడల కోసం 1806లో కట్టిన రేవు ఈ పక్కనే ఉండేది. చిన్నప్పుడు సాంఘిక శాస్త్రంలో బట్టీపట్టిన పేరు ఇక్కడ ఒక మామూలు రోడ్డు పేరు, దాని మీద జనం కూరగాయల సంచులతో బస్సు కోసం నిలబడి ఉన్నారు. మా ఆవిడ, "మన వైపు నుంచి వచ్చినవన్నీ ఇక్కడే దింపేవాళ్ళన్నమాట" అంది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

బస్సులో కండక్టరు లేడు. ఆ సంగతి వెళ్ళకముందే తెలుసు గానీ, చూడటం వేరు. ప్రతి స్టాపు ముందు ఒక ఆడగొంతు స్టాపు పేరు చెప్తుంది, ముందు తెర మీద అక్షరాలు కూడా వస్తాయి. చూపు లేనివాళ్ళకు గొంతు, చెవులు వినపడనివాళ్ళకు అక్షరాలు. లండన్‌లో వెనక గుమ్మానికి తలుపు లేని, కండక్టరున్న పాత రూట్‌మాస్టర్ బస్సులు 1956 నుంచి తిరిగాయట. మామూలు రూట్లలో ఆఖరిది 159 నంబరు, 2005 డిసెంబరు 9న ఆగింది. ఆ రోజు డ్యూటీ దిగిన కండక్టరు ఏమనుకుని ఉంటాడో నేను ఊహించగలను. మన దగ్గరా డ్రైవరే టికెట్లు కొట్టే సర్వీసులు వచ్చి చాలాకాలమైంది. దాని మీద నా అభిప్రాయం అడిగితే, గొంతు స్టాపు పేరు చెప్తుంది, కార్డు డబ్బు తీసుకుంటుంది, కానీ నిద్రపోయిన ముసలాయన్ని భుజం తట్టి "పెద్దాయనా, మీ ఊరొచ్చింది" అని లేపేది మనిషే. ఈ మాట కండక్టరుగా చెప్తున్నాను, తప్పయితే కావొచ్చు.

అయితే ఒక్క విషయంలో ఆ బస్సుకు దండం పెట్టాను. రెండో రోజో మూడో రోజో, చక్రాల కుర్చీలో ఒకావిడ స్టాపులో ఉంది. బస్సు ఆగి, ఫుట్‌పాత్ వైపు కాస్త ఒరిగింది. డ్రైవరు ఏదో నొక్కితే మధ్య తలుపు కింద నుంచి ఒక పలక చప్పుడు చేస్తూ బయటికి వచ్చింది. ఆవిడ తనంతట తానే కుర్చీ తోసుకుంటూ లోపలికి వచ్చింది. అక్కడ తోపుడు బండిలో పిల్లాడితో ఉన్న ఒకమ్మాయి వెంటనే జరిగి చోటిచ్చింది. బస్సంతా నిశ్శబ్దంగా ఆగింది. ఎవరూ విసుక్కోలేదు. మా ట్రిప్పులో మోతడక దగ్గర రెండు కాళ్ళూ లేని ఒకాయన ఎక్కేవాడు. నేనూ డ్రైవరూ చెరో పక్క పట్టుకుని మెట్ల మీద నుంచి ఎత్తి కూర్చోబెట్టేవాళ్ళం. ఆయన ప్రతిసారీ తలొంచుకుని "మీకు శ్రమ" అనేవాడు. ఆ పలక బయటికి వచ్చినప్పుడు నాకు ఆయన ముఖమే కనిపించింది. అలాంటి మనిషి ఎవరికీ శ్రమ అని చెప్పక్కర్లేకుండా బస్సెక్కే రోజు మన ఊళ్ళోనూ రావాలి. మిగతా సోకులు రాకపోయినా ఫర్వాలేదు.

టూరు బస్సు సంగతికి వస్తాను. పై కప్పు లేని డబుల్ డెక్కర్, ఒక టికెట్టు కొంటే రోజంతా ఎక్కడైనా దిగి మళ్ళీ ఎక్కొచ్చు. ఒక్కొక్కరికి మన లెక్కలో నాలుగు వేల పైన పడింది. అబ్బాయి ముందే ఫోన్లో కొన్నాడు. టవర్ హిల్ దగ్గర ఎక్కాం. కోహినూరు ఉండేది అక్కడి కోటలోనే. మన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే రాయి. లోపలికి టికెట్టు ఖరీదు చూసి బయట నుంచే గోడలు చూసి వచ్చేశాం.

టూరు బస్సులో ఆ రోజు మాకు దొరికిన గైడు మాత్రం మంచివాడు. టవర్ బ్రిడ్జి ఎక్కుతుండగా ఒక కథ చెప్పాడు. 1894లో తెరిచిన వంతెన అది, పెద్ద పడవలొస్తే మధ్యలో రెండు ముక్కలై పైకి లేస్తుంది. 1952 డిసెంబరులో 78 నంబరు బస్సు వంతెన మీద ఉండగానే పొరపాటున అది లేవడం మొదలుపెట్టింది. డ్రైవరు పేరు ఆల్బర్ట్ గంటర్. ఆగే టైము లేదు. వేగం పెంచి ఆ సందు మీదుగా అవతలి ముక్క మీదికి బస్సును దూకించాడు. ప్రయాణికులందరూ బతికారు. బహుమానంగా పది పౌండ్లు ఇచ్చారట. ఇంగ్లీషులో ఆయన పేరుకూ మా గుంటూరు పేరుకూ ఒక్క అక్షరమే తేడా. వంతెన మీద అతుకు దాటుతుంటే బస్సు చిన్నగా కుదిపింది, అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వెనకాల ఇరవైమంది ప్రాణాలు పెట్టుకుని రెండు క్షణాల్లో నిర్ణయం తీసుకున్న డ్రైవర్లు నాతోనూ పనిచేశారు. వాళ్ళ పేర్లు ఏ గైడూ చెప్పడు.

వెస్ట్‌మినిస్టర్ దగ్గర దిగి పార్లమెంటు, గడియారం గోపురం చూశాం. వంతెన మీద ఫొటోలు దిగాం. అక్కడే పొరపాటు జరిగింది. తిరిగి ఎక్కుదామని స్టాపుకు వస్తే ఒక బస్సు నిండి ఉంది, ఆపలేదు. రెండోది నలభై నిమిషాలకు వచ్చింది, ఇదే ఆఖరిదనీ, అటువైపు వెళ్ళదనీ చెప్పారు. వాన మొదలైంది. ఊళ్ళో మామూలు బస్సులు రాత్రంతా ఉన్నా, టూరు బస్సులకు సాయంత్రమే ఆఖరి ట్రిప్పని మాకు తెలియదు. మేం మ్యాపు వెనక టైములు చదవకపోవడం మా తప్పు, చెప్పకుండా టికెట్టు అమ్మడం వాళ్ళ తప్పు. మా ఆవిడ పైటకొంగు తల మీద కప్పుకుని, "మనవైపు వెళ్ళే మామూలు బస్సు, ఆ 15 నంబరు, ఎక్కడుందో చూడండి" అంది. ట్రఫాల్గర్ స్క్వేర్ దాకా నడిచాం. అక్కడ 15 నిలబడి ఉంది, దీపాలు వెలుగుతూ. ఎక్కి కూర్చున్నాక తను చేసిన పులిహోర డబ్బా తీసింది. అంత రుచిగా పులిహోర ఎప్పుడూ తినలేదు.

అందుకని వెళ్ళేవాళ్ళకు చెప్పేదేమిటంటే, టూరు బస్సు ఒక్క రోజుకే, అదీ పొద్దున తొమ్మిదింటికల్లా ఎక్కండి. మొదటి చుట్టు ఎక్కడా దిగకుండా పూర్తి చేసి, ఏది చూడాలో అప్పుడు నిర్ణయించుకోండి. మిగతా రోజులకు మామూలు బస్సే మేలు. 15 నంబరు ఆల్డ్‌గేట్ నుంచి టవర్ పక్కగా, సెయింట్ పాల్స్ గుమ్మటం ముందుగా, ఫ్లీట్ స్ట్రీట్ మీదుగా ట్రఫాల్గర్ స్క్వేర్‌కు తీసుకెళ్తుంది. 9 నంబరు అక్కడి నుంచి హైడ్ పార్కు పక్కగా ఆల్బర్ట్ హాలు వైపు. 24 నంబరు పిమ్లికో నుంచి పార్లమెంటు మీదుగా ఉత్తరాన హ్యాంప్‌స్టెడ్ హీత్ దాకా. అది 1912 నుంచి దాదాపు అదే దారిలో తిరుగుతోంది. నూరేళ్ళు దాటినా దారి మారని రూటు! బస్సుల్లో బాత్‌రూములుండవు, అది మా వయసుకు పెద్ద విషయం. పెద్ద మ్యూజియాల్లోకి వెళ్ళడానికి డబ్బు అక్కర్లేదు కాబట్టి వాటి చుట్టూ రోజును అల్లుకుంటే ఇబ్బంది ఉండదు.

మ్యూజియం అంటే గుర్తొచ్చింది. కాదు, ఆ మూడు వారాల్లో ఒక్క రోజు కూడా మర్చిపోలేదు. గుంటూరులో బయల్దేరేటప్పుడే అనుకున్నాను, అమరావతి రాళ్ళు, అంటే అక్కడి బౌద్ధ స్తూపం శిల్పాలు, చూడకుండా తిరిగి రానని. అమరావతి ట్రిప్పుల్లో నా బస్సెక్కిన పంతుళ్ళు, పరిశోధన చేసే పిల్లలు ఎంతోమంది అనేవాళ్ళు, అసలువి ఇక్కడ లేవు, మద్రాసులోనూ లండన్‌లోనూ ఉన్నాయని.

రెండో వారంలో ఒక శుక్రవారం బయల్దేరాం. బ్రిటిష్ మ్యూజియం శుక్రవారాలు రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది. 115 ఎక్కి, కమర్షియల్ రోడ్డు మీద దిగి 15 మారాం. గంట దాటలేదు కాబట్టి డబ్బు పడలేదు. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో 24 ఎక్కేసరికి గంట దాటిపోయింది, రెండో టికెట్టు పడింది. మనిషికి 3.50 పౌండ్లు. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులో దిగి నెమ్మదిగా నడిస్తే పదినిమిషాల్లో బ్రిటిష్ మ్యూజియం.

33 నంబరు హాలు చివర 33ఎ. లోపల అమరావతి శిల్పాలు. తలుపు దగ్గర "అమరావతి" అన్న పేరు ఇంగ్లీషులో చదివి అలాగే ఆగిపోయాను. టికెట్టు మీద కొట్టిన పేరు, రోజుకు నాలుగుసార్లు కేకేసిన పేరు.

మన పలనాటి సున్నపురాయే, లేత బూడిద రంగు. తామరపూల చక్రాలు, దండలు మోసే మనుషులు, ఏనుగులు. ఒక పలక ముందు మేం అరగంట నిలబడ్డాం. దాని మీద స్తూపం మొత్తం చెక్కి ఉంది. గుమ్మం దగ్గర సింహాలు, పైన వరసగా ఐదు స్తంభాలు, గుమ్మటం నిండా బొమ్మలు, ఆకాశంలో ఎగురుతున్న దేవతలు. మూడో శతాబ్దం నాటిదట. అదే పలకకు రెండో వైపున బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, దానికి మొక్కుతున్న జనం. అది అంతకు ఇంచుమించు మూడు వందల ఏళ్ళ ముందు చెక్కింది. పాత పలకనే తిప్పి మళ్ళీ చెక్కారు. నేను ఏళ్ళ తరబడి బస్టాండులో దిగి టీ తాగి తిరిగొచ్చిన ఊళ్ళో నిలబడి ఉండిన కట్టడం ఎలా ఉండేదో నాకు మొదటిసారి తెలిసింది అక్కడే, లండన్‌లో.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అమరావతి కట్టించేటప్పుడు, దీపాలదిన్నె అని పిలిచే దిబ్బలో రాళ్ళు బయటపడ్డాయి. కొన్ని కట్టడాల్లో కలిసిపోయాయి. కంపెనీ సర్వేయరు మెకంజీ దొర వచ్చి చూశాడు, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపాడు. 1859లో అక్కడి నుంచి ఓడల్లో లండన్ చేరాయి, 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి. ఇక్కడ చల్లగా, భద్రంగా, దుమ్ము పడకుండా ఉన్నాయి. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అమరావతి బళ్ళో చదివే పిల్లాడు తన ఊరి స్తూపం ముఖం చూడాలంటే పాస్‌పోర్టు కావాలి. ఇది న్యాయం కాదు.

పక్కన కర్ర పట్టుకున్న ఒక తెల్లాయన, నా అంత వయసే, అమరావతి ఎక్కడ అని అడిగాడు. వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. కృష్ణ ఒడ్డున అని, గుంటూరు బస్టాండు నుంచి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు అని, ఆ దారిలో నేనే కండక్టరునని. ఆయన టోపీ తీసి నాకు చెయ్యిచ్చాడు.

తిరిగొచ్చాక సెప్టెంబరులో ఒక పొద్దున ఇద్దరం గుంటూరు బస్టాండులో అమరావతి పల్లెవెలుగు ఎక్కాం. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఉచితం కదా, కండక్టరు కుర్రాడు మా ఆవిడకు సున్నా టికెట్టు కొట్టి నా వైపు చూశాడు. డబ్బులు ఇచ్చి టికెట్టు తీసుకున్నాను. స్తూపం దగ్గర వానకు పెరిగిన గడ్డి, గుండ్రటి మట్టి దిబ్బ, చుట్టూ విరిగిన రాతి కంబాలు. మా ఆవిడ ఫోన్లో ఆ లండన్ పలక ఫొటో తెరిచి పట్టుకుని, గుమ్మం ఉండాల్సిన చోటు వెతుక్కుంటూ చుట్టూ నడిచింది. ఒకచోట ఆగి, "ఏవండీ, సింహాలు ఇక్కడ ఉండేవేమో చూడండి" అంది. ఫొటోనీ దిబ్బనీ మార్చి మార్చి చూశాను. అక్కడేననిపించింది. కాపలా ఆయన కూడా వచ్చి మా ఫోన్లోకి వంగి చూశాడు, ఎక్కడిదండీ ఇది అని అడిగాడు.